ప్లగ్గులో పెట్టె పెడితే కరెంటు బిల్లు తగ్గుతుందా?

కరెంటు బిల్లు చేతికి రాగానే మీ కళ్లు ముందు ఎక్కడికి వెళతాయి? అడుగున ఉన్న మొత్తం మీదికే కదా! "అమ్మో, ఇంతొచ్చిందేమిటి?" అనుకుంటారు. ఇంట్లో అందరికీ వినబడేలా "ఆ ఫ్యాన్లు కాస్త కట్టండర్రా" అని ఓ కేక వేస్తారు. బిల్లు ఫ్రిజ్ మీదికి చేరుతుంది. ఆ రాత్రే ఫోన్లో ఓ ప్రకటన కనిపిస్తుంది: ఈ చిన్న పెట్టె ఏదైనా ప్లగ్గులో పెట్టండి చాలు, బిల్లు 40 శాతం తగ్గుతుంది. ధర చూస్తే వెయ్యిలోపే. రెండు నెలల్లో డబ్బులు తిరిగొచ్చేస్తాయి కదా అనిపిస్తుంది. కొనేస్తారు.

మీరు కూడా కొన్నారా? కొంటే సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. ఇంటి ఖర్చు తగ్గించాలని తాపత్రయపడ్డారు, అంతే. ఆ తాపత్రయం నిలుపుకోండి. దాన్ని ఎటు తిప్పాలో చూద్దాం.

ముందుగా తీర్పు చెప్పేస్తాను. పవర్ సేవర్, ఎనర్జీ సేవర్, ఎలక్ట్రిసిటీ సేవర్ అని ఏ పేరు పెట్టి అమ్మినా, ఖాళీ ప్లగ్గులో గుచ్చి వదిలేసే ఆ పెట్టె వల్ల మీ ఇంటి బిల్లులో కనిపించేంత మార్పు రాదు. బిల్లును నిజంగా తగ్గించే పరికరాలు వేరే ఉన్నాయి. అవి కూడా అందరికీ, అన్ని గదుల్లో గిట్టుబాటు కావు. మీ ఇంట్లో ఏది గిట్టుతుందో మీరే తేల్చుకోవచ్చు. దానికి ఇంజినీరింగ్ చదువు అక్కర్లేదు. గుణకారాలు, భాగహారాలు వస్తే చాలు.

ఆ పెట్టెలో ఏముంది?

విప్పి చూస్తే సాధారణంగా ఒక కెపాసిటర్, వెలుగుతూ కనిపించడానికి ఒక చిన్న లైటు, రెండు మూడు చిల్లర విడిభాగాలు ఉంటాయి. మీ సీలింగ్ ఫ్యాను తిరగడం మానేస్తే ఎలక్ట్రీషియన్ వచ్చి, "కండెన్సర్ పోయిందండీ" అని మార్చి వెళ్తాడు చూడండి, ఇదీ ఆ జాతి వస్తువే.

మరి స్టాల్లో అమ్మేవాడు మన కళ్లెదుటే తగ్గించి చూపించాడు కదా? బల్ల మీద చిన్న మోటరు తిరుగుతూ ఉంటుంది. తీగకు క్లాంప్ మీటరు తగిలిస్తాడు. "చూడండి సార్, ఇప్పుడెంత ఉంది? ఇదిగో పెట్టాను, ఇప్పుడెంత?" అంటాడు. అంకె నిజంగానే పడిపోతుంది. అందులో కనికట్టు లేదు. కాకపోతే ఆయన చూపించినవి ఆంపియర్లు. మీరు డబ్బు కట్టేది యూనిట్లకు.

మోటరు ఉన్న ప్రతి వస్తువూ తను పనిలో ఖర్చుపెట్టే కరెంటుతో పాటు మరికొంత తీసుకుని, వెంటనే లైనుకు తిరిగి ఇచ్చేస్తూ ఉంటుంది. క్లాంప్ మీటరు ఈ రెండింటినీ కలిపి చూపిస్తుంది. మీ ఇంటి మీటరు ఖర్చయినదాన్నే యూనిట్లుగా లెక్కేస్తుంది. కెపాసిటర్ తగ్గించేది ఆ వచ్చిపోయే భాగాన్ని. ఇంటి బిల్లులో దానికి మీరు ఎప్పుడూ డబ్బు కట్టలేదు. కట్టనిదాన్ని తగ్గిస్తే మిగిలేదేముంది? ఇంట్లో తీగలు వేడెక్కి పోయే నష్టం ఓ చిటికెడు తగ్గొచ్చు. పెట్టె మీది లైటు పగలూ రాత్రీ వెలుగుతూ కాస్త తింటుంది. అక్కడికక్కడికి సరి.

ఇక్కడ కెపాసిటర్‌ను మాత్రం తక్కువ చేయకండి. పల్లెల్లో వ్యవసాయ మోటర్లకు కెపాసిటర్ బిగించుకోమని మన విద్యుత్ సంస్థలు ఎన్నో ఏళ్లుగా రైతులకు చెబుతున్నాయి. అలా బిగిస్తే లైన్ల మీద, ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం తగ్గుతుంది, వోల్టేజి నిలబడుతుంది. పెద్ద పరిశ్రమలకు బిల్లు వేసే పద్ధతే వేరు కాబట్టి వాళ్లకు డబ్బు కూడా మిగులుతుంది. బోరు దగ్గర, ఫ్యాక్టరీలో మంచి పనిముట్టు అది. మీ హాల్లో టీవీ పక్కన ప్లగ్గులో దానికి పని లేదు.

నా మాట కూడా నమ్మకండి, మీటరునే అడగండి

మీ డిజిటల్ మీటరు మీద ఎర్రగా మినుకుమంటూ ఒక చిన్న లైటు ఉంటుంది. దాని పక్కనే 3200 అనో, 1600 అనో ఒక అంకె ఉంటుంది. ఆ లైటు అన్నిసార్లు మినుకుమంటే ఒక యూనిట్ అయినట్టు. అంతకంటే నమ్మకమైన సాక్షి మీకు ఇంకెక్కడా దొరకదు. రూపాయి ఖర్చు లేకుండా ఇలా పరీక్షించండి.

1. ఇంట్లో అన్ని స్విచ్‌లూ కట్టేయండి. ఫ్రిజ్, సెట్‌టాప్ బాక్స్, ఇన్వర్టర్, వైఫై కూడా. పావుగంటకు ఫ్రిజ్‌లో పాలేమీ విరగవు. మెయిన్ మాత్రం ఆన్‌లోనే ఉంచండి.

2. మీటరు లైటు చూడండి. అది అసలు మినుకుమనకూడదు. మినుకుమంటుంటే ఆగండి! ఎక్కడో లీకేజీ ఉంది, లేదా మీకు తెలియకుండా మరో చోటికి మీ లైను వెళ్తోంది. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. మీ బిల్లు రహస్యం అక్కడే తేలిపోవచ్చు.

3. ఒక్క సీలింగ్ ఫ్యాను ఫుల్ స్పీడులో వేయండి. అయిదు నిమిషాల్లో లైటు ఎన్నిసార్లు మినుకుమందో లెక్కపెట్టి రాసుకోండి. 75 వాట్ల మామూలు ఫ్యాను, 3200 అంకె ఉన్న మీటరు అయితే దాదాపు 20 వస్తుంది.

4. ఇప్పుడు ఆ పవర్ సేవర్ పెట్టండి. ఫ్యాను అలాగే తిరుగుతుండాలి. మళ్లీ అయిదు నిమిషాలు లెక్కపెట్టండి.

నాన్నగారు ఎగ్జిబిషన్‌లో ముచ్చటపడి ఆ పెట్టె కొని తెచ్చారనుకుందాం. డిగ్రీ చదివే కూతురు "అది మోసం నాన్నా" అంటే ఆయన ఒప్పుకోరు, పైగా చిన్నబుచ్చుకుంటారు. "రండి నాన్నా, ఇద్దరం లెక్కపెడదాం. మీరు మీటరు చూడండి, నేను టైము చూస్తాను" అంటే? రెండుసార్లూ అంకె ఇరవయ్యే వచ్చాక వాదన ఎందుకుంటుంది? ఇంట్లో పెద్దవాళ్లను ఓడించకుండా ఒప్పించాలంటే ఇదే దారి.

"వెంటనే పనిచేయదండీ, మూడు నెలలు ఉంచాలి, అప్పటికి మీ ఇంటి వాడకం దానికి అలవాటవుతుంది" అని అమ్మేవాళ్లు చెబుతుంటారు. ఒక్క ప్రశ్న వేయండి. స్టాల్లో క్షణంలో పనిచేసింది మా ఇంటికొచ్చాక మూడు నెలలు ఎందుకు తీసుకుంటుంది? ఆ మూడు నెలలు దేనికంటే, డబ్బు వాపసు అడిగే గడువు దాటిపోవడానికి.

ఇంకో మాట. నాసిరకం కెపాసిటర్ వేడెక్కుతుంది, కాలిపోయే ప్రమాదం కూడా ఉంది. ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే తీసేయండి. కొత్తగా కొని మోసపోయామనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. ఇక మీటరునే నెమ్మదిగా తిరిగేలా చేస్తామనే వాళ్లు ఎవరైనా ఎదురైతే, వాళ్ల దగ్గర నిలబడకండి. అది విద్యుత్ చౌర్యం. 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు.

"కానీ మాకు నిజంగా తగ్గిందండీ!"

ఈ మాట అనే వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. బిల్లు తగ్గిన మాట నిజమే. పెట్టె వల్ల తగ్గిందా అన్నదే ప్రశ్న. మనిషి ఎప్పుడు కొంటాడు? మే నెల బిల్లు చూసి గుండె గుభేలుమన్నప్పుడు. పెట్టె వచ్చేసరికి జూన్. జులైలో వానలు పడతాయి, ఏసీ, కూలర్ ఆగిపోతాయి. బిల్లు దానంతటదే దిగుతుంది, పేరు మాత్రం పెట్టెకు దక్కుతుంది. డబ్బు పెట్టి కొన్నారు కాబట్టి ఆ నెల స్విచ్‌ల మీద కూడా కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టి ఉంటారు.

అందుకే బిల్లులు పోల్చేటప్పుడు ఈ మూడు పొరపాట్లు చేయకండి.

ఒకటి, రూపాయలను పోల్చడం. రూపాయల్లో పాత బకాయిలు, సర్దుబాటు ఛార్జీలు, ఫిక్స్‌డ్ ఛార్జీలు కలిసిపోతాయి. యూనిట్లు పోల్చండి.

రెండు, రోజులు చూడకపోవడం. ఒక నెల రీడింగ్‌కు 28 రోజులకు వస్తారు, ఇంకో నెల 33 రోజులకు వస్తారు. యూనిట్లను రోజులతో భాగించండి. రోజుకు ఆరా, ఏడా, ఎనిమిదా అన్నదే మీ అసలు అంకె.

మూడు, మే నెలను జులైతో పోల్చడం. ఈ ఏడాది జులైని పోల్చాల్సింది కిందటేడు జులైతోనే.

యూనిట్లు ఎటు పోతున్నాయి?

సూత్రం ఒక్కటే. వస్తువు ఎన్ని వాట్లు తింటుందో, రోజుకు ఎన్ని గంటలు వాడతారో రెండూ హెచ్చించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు వస్తాయి. వాట్లు తెలియకపోతే మీటరు లైటు ఉండనే ఉంది. 3200 మీటరు మీద నిమిషానికి ఎన్నిసార్లు మినుకుమందో లెక్కపెట్టి 19తో హెచ్చించండి, వాట్లు దాదాపు తెలుస్తాయి. 1600 మీటరైతే 37తో.

హైదరాబాద్‌లో ఏసీ లేని రెండు పడగ్గదుల ఇల్లు ఒకటి తీసుకుందాం. ఆగస్టు లాంటి నెల. మూడు ఫ్యాన్లు పన్నెండేసి గంటలు తిరుగుతాయి, నెలకు 81 యూనిట్లు. రెండు కిలోవాట్ల గీజరు అందరి స్నానాలకూ కలిపి ముప్పావు గంట, 45 యూనిట్లు. ఫ్రిజ్ రోజుకు ఒకటి చొప్పున 30. నీళ్ల మోటరు అరగంట, 15. లైట్లు 12, టీవీ 12. వాషింగ్ మెషిన్, మిక్సీ, ఇస్త్రీపెట్టె కలిపి 15. సెట్‌టాప్ బాక్స్ పగలూ రాత్రీ ఆన్‌లో ఉండి 7. మొత్తం 217. అవీ ఇవీ కలిపి 220 అనుకోండి.

ఈ జాబితాలో మీకు ఏది వింతగా అనిపించింది? చాలామంది ఫ్యాన్లను లెక్కలోకే తీసుకోరు. ఏసీ లేని ఇంట్లో అన్నింటికంటే ఎక్కువ తినేది తరచుగా అవే. వాట్లు తక్కువే కానీ గంటలు ఎక్కువ కదా!

ఇప్పుడు అదే ఇంట్లో బాగా వాడే రెండు గదుల ఫ్యాన్లు తీసి, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లు పెట్టారు. 75 వాట్ల చోట 30 వాట్లు. రెండింటికీ కలిపి నెలకు 32 యూనిట్లు మిగిలాయి. సెట్‌టాప్ బాక్స్‌ను చూడనప్పుడల్లా గోడ స్విచ్ దగ్గరే కట్టేశారు, ఇంకో 5. 220 కాస్తా 183 అయింది.

ముప్పై ఏడు యూనిట్లేనా అనుకుంటున్నారా? రూపాయల్లో చూడండి. తెలంగాణలో 2022-23 నుంచి అమలైన గృహ టారిఫ్‌లో 200 యూనిట్ల గీత చాలా కీలకం. వంద దాటి 200 వరకు వాడితే మొదటి వందకు యూనిట్ రూ.3.40, రెండో వందకు రూ.4.80. 200 దాటారంటే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. మొదటి రెండు వందలకూ రూ.5.10, ఆ పైన మూడు వందల వరకు రూ.7.70. ఈ రేట్లలో 200 యూనిట్లకు విద్యుత్ ఛార్జీ రూ.820, 201 యూనిట్లకు రూ.1,027.70. ఒక్క యూనిట్ ఎక్కువైనందుకు రెండు వందల పైచిలుకు!

మన ఇంటి లెక్కకొస్తే 220 యూనిట్లకు రూ.1,174, 183 యూనిట్లకు రూ.738. నెలకు 436 రూపాయల తేడా. రెండు ఫ్యాన్లకు ఆరు వేలు పెట్టినా పద్నాలుగు నెలల్లో తిరిగొచ్చేస్తాయి. గృహజ్యోతి పథకంలో అర్హత ఉన్న కుటుంబమైతే సంగతి ఇంకా పెద్దది. 2024 మార్చి నుంచి 200 యూనిట్లలోపు వాడిన వాళ్లకు సున్నా బిల్లు వస్తోంది. 200 దాటిన నెల మొత్తం బిల్లూ కట్టాల్సిందే. అలాంటి ఇంట్లో రెండు మంచి ఫ్యాన్లు ఏ పెట్టే చేయలేని పని చేస్తాయి.

ఆంధ్రప్రదేశ్‌లో లెక్క కాస్త వేరు. శ్లాబు దాటితే ఆ పైన వాడిన యూనిట్లకే ఎక్కువ రేటు. 2022 టారిఫ్‌లో 126 నుంచి 225 వరకు యూనిట్ ఆరు రూపాయలు, 226 నుంచి 400 వరకు రూ.8.75. అంటే మీరు తగ్గించే ప్రతి యూనిట్ ముందుగా ఖరీదైన శ్లాబులోంచే తగ్గుతుంది. 260 వాడే ఇల్లు 225కు దిగితే మూడు వందలు మిగులుతాయి. మీ బిల్లు వెనకో పక్కనో శ్లాబుల వివరం ఉంటుంది. రేట్లు మారుతుంటాయి కాబట్టి తాజా బిల్లులోవే తీసుకోండి.

ఏది కొనాలి, ఏది వద్దు?

1. బీఎల్‌డీసీ ఫ్యాన్లు. రోజుకు పది గంటలు దాటి తిరిగే ఫ్యాను దగ్గర మొదలుపెట్టండి. చుట్టాలొస్తే తప్ప తలుపు తీయని గదిలో ఫ్యాను మారిస్తే ఆ డబ్బు ఎప్పటికీ తిరిగిరాదు. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది, అయిదు నక్షత్రాలు చూసి తీసుకోండి. గోడ మీద ఇంకా పాతకాలపు పెట్టె రెగ్యులేటర్ ఉంటే, ఫ్యాను మార్చకపోయినా సరే, ముందు దాన్ని మార్చండి. అది ఫ్యాను స్పీడు తగ్గించి, మిగిలిన కరెంటును వేడిగా పారేస్తుంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ధర ఎంతని!

2. లైట్లు. చాలా ఇళ్లలో ఎల్‌ఈడీలు ఇప్పటికే వచ్చేశాయి. చోకుతో పనిచేసే పాత ట్యూబులైట్లు మిగిలి ఉంటే వాటిని మార్చండి. చోకుతో కలిపి 50 వాట్లు తినేదాని చోట 20 వాట్లతో సరిపోతుంది. పూజగదిలో, మెట్ల దగ్గర రాత్రంతా వెలిగే బల్బు ఒకసారి చూడండి, అది ఎల్‌ఈడీయేనా?

3. ఏసీ. ఇక్కడ కాస్త ఆగి మాట్లాడుకోవాలి. ఎందుకంటే పెద్ద డబ్బు ఇక్కడే ఉంది, పెద్ద పొరపాట్లూ ఇక్కడే జరుగుతాయి. లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. ఆ అంకె ఏడాదికి 1,600 గంటలు వాడితే అనుకుని వేసినది. కొట్లో మూడు నక్షత్రాల ఏసీ, అయిదు నక్షత్రాల ఏసీ పక్కపక్కన పెట్టి రెండు అంకెల తేడా చూడండి. ఆ తేడాను మీ శ్లాబు రేటుతో హెచ్చించండి. మీరు ఏడాదికి ఎనిమిది వందల గంటలే వాడితే దాన్ని సగానికి తగ్గించుకోండి. ధరలో తేడా నాలుగైదేళ్లలో తిరిగొస్తే అయిదు నక్షత్రాలది తీసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో రాత్రిపూట నాలుగు గంటలు వేసుకునే ఇంటికి మూడు నక్షత్రాల ఇన్వర్టర్ ఏసీ చాలు. అమ్మేవాళ్లు ఈ లెక్క చెప్పరు, మీరే వేసుకోవాలి.

లేబుల్ మీద కాలపరిమితి కూడా చూడండి. నక్షత్రాల కొలమానాన్ని అప్పుడప్పుడూ కఠినం చేస్తుంటారు. 2022 జులైలో అలా చేసినప్పుడు అంతకుముందు అయిదు నక్షత్రాలున్న ఏసీ నాలుగుకు దిగింది. తగ్గింపు ధరకు ఇచ్చే పాత సరుకు మీద అయిదు నక్షత్రాలు కనిపిస్తే తేదీ చదవండి.

కొన్నాక ఎలా వాడతారన్నది ఇంకా ముఖ్యం. అయిదు నక్షత్రాల ఏసీ కొని 18 డిగ్రీల్లో పెట్టి, చలేసి రగ్గు కప్పుకునే ఇళ్లు ఎన్ని లేవు? ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతోంది. 2020 జనవరి నుంచి గది ఏసీలు 24 డిగ్రీల సెట్టింగ్‌తోనే రావాలన్న నిబంధన పెట్టింది కూడా అందుకే. 25 లేదా 26లో పెట్టి, ఫ్యాను రెండో నంబరులో తిప్పుకోండి. ఫిల్టరు మీరే విప్పి, పంపు కింద కడిగి, ఆరబెట్టి బిగించండి. వేసవిలో రెండు మూడు వారాలకోసారి ఈ పని చేయాలి.

4. ఫ్రిజ్. పదిహేనేళ్ల పాతది అయి, తలుపు రబ్బరు వదులైపోతే మార్చడం గురించి ఆలోచించండి. తలుపులో ఓ కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే ముందు రబ్బరు మార్పించి చూడండి. కొత్తది కొంటే మాత్రం ఒక పొరపాటు చేయకండి.

"పాతది అమ్మితే ఏమొస్తుందిరా, మేడ మీద గదిలో పెడదాం, మంచినీళ్ల సీసాలకు పనికొస్తుంది" అంటుంది అమ్మ.

"అలాగే ఉంచుదాంలే అమ్మా" అంటాడు కొడుకు.

ఆ నెల నుంచి ఆ ఇంట్లో రెండు ఫ్రిజ్‌లు. కొత్తది ఎంత ఆదా చేసినా బిల్లు పెరిగిందే కానీ తగ్గలేదు. పాతది తీసేస్తేనే కొత్తది కొన్నందుకు ఫలితం.

5. గీజరు. పరికరం మార్చకుండానే ఎక్కువ మిగిలేది ఇక్కడ. రెండు కిలోవాట్ల గీజరు అరగంటకు ఒక యూనిట్ తింటుంది. ఇన్‌స్టంట్ గీజరు కొంటే సగం ఆదా అంటారు, అది నిజం కాదు. బకెట్ నీళ్లు వేడెక్కడానికి పట్టే కరెంటు దేంట్లోనైనా అంతే. నీళ్లు ఊరికే నిలవుండి చల్లారే నష్టం మాత్రం తప్పుతుంది. ఆ నష్టం తప్పించుకోవడానికి ఇంట్లో అందరూ ఒకరి తర్వాత ఒకరు స్నానాలు చేసి, స్విచ్ కట్టేస్తే సరిపోతుంది. మరచిపోతారా? అయితే టైమర్ స్విచ్ ఒకటి పెట్టించుకోండి. ఆ చిన్న పరికరం నిజంగా పనికొచ్చేదే.

6. ట్యాంకు నిండగానే మోటరు ఆపే కంట్రోలర్. మీ ట్యాంకు రోజూ పొంగి పొర్లుతుందా? ఇరవై నిమిషాలు పొంగితే నెలకు పది యూనిట్లు, ఆపైన నీళ్లూ వృథా. అలాంటి ఇంటికి ఇది మంచిది. గుర్తుపెట్టుకుని ఆపేసే ఇంటికి అక్కర్లేదు.

7. స్టెబిలైజర్, ఇన్వర్టర్. ఇవి ఆదా పరికరాలని కొందరు పొరబడతారు. స్టెబిలైజర్ వోల్టేజి దెబ్బ నుంచి వస్తువును కాపాడుతుంది, బిల్లు తగ్గించదు. బ్యాటరీ ఇన్వర్టర్ అయితే ఛార్జింగ్‌లో కొంత పోగొట్టుకుంటుంది కాబట్టి కాస్త పెంచుతుంది. అవసరముంటే ఉంచుకోండి, ఆదా కోసం కొనకండి.

8. స్మార్ట్ ప్లగ్. యూనిట్లు చూపించే రకం ఒకటి ఉంటే ఫ్రిజ్‌కు వారం, టీవీకి వారం పెట్టి కొలవడానికి బాగుంటుంది. ప్రతి వస్తువుకూ ఒకటి కొనడం దండగ, ఆ ప్లగ్గులు కూడా తింటాయి. అపార్ట్‌మెంట్‌లో నలుగురు కలిసి ఒకటి కొనుక్కుని చేతులు మార్చుకోండి.

9. పైకప్పు సోలార్. సొంత మేడ ఉండి, నెలకు రెండు మూడు వందల యూనిట్లు దాటే వాళ్లు దీన్ని తప్పకుండా ఆలోచించాలి. ఒక కిలోవాట్ ప్యానెళ్లు మన ఎండకు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు రూ.30,000 చొప్పున, మూడు కిలోవాట్లు ఆపైన మొత్తం రూ.78,000 రాయితీ నిర్ణయించారు. ముందు వాడకం తగ్గించుకుని ఆ తర్వాత సోలార్‌కు వెళ్లండి. అప్పుడు మూడు కిలోవాట్ల చోట రెండే సరిపోవచ్చు.

ఫోన్ ఛార్జర్ గోడకు వదిలేశారని పిల్లల మీద అరిచే అలవాటు ఉంటే మానుకోండి. ఫోను తగిలించని ఛార్జరు నెలంతా తినేది ఏ మాత్రమూ కాదు. ఆ కోపం గీజరు స్విచ్ కోసం దాచుకోండి.

ఒక్కసారే అన్నీ మార్చకండి

ఉత్సాహంలో ఒకే నెల ఫ్యాన్లు, లైట్లు, ఏసీ అన్నీ మార్చేస్తే దేని వల్ల ఎంత తగ్గిందో తెలియదు. చేతిలో డబ్బూ అయిపోతుంది. ఒకటి మార్చండి, నెల చూడండి. మిగిలిన డబ్బు పక్కన పెట్టి దానితోనే రెండోది కొనండి. ఇలా చేస్తే ఏడాదిన్నరలో జేబులోంచి పెద్దగా తీయకుండానే ఇల్లంతా మారుతుంది. అన్నీ చేశాక కూడా బిల్లు తగ్గలేదా? మీటరు మీద అనుమానముంటే విద్యుత్ సంస్థ కార్యాలయంలో రుసుము కట్టి పరీక్షించమని కోరవచ్చు. అది వినియోగదారుడిగా మీ హక్కు, అడగడానికి మొహమాటపడకండి.

ఈ సాయంత్రం ఓ పాత నోటుపుస్తకం, పెన్ను తీసుకుని మీటరు దగ్గరకు వెళ్లండి. తేదీ, టైము, రీడింగ్ రాయండి. వారం రోజులు అదే టైముకు రాస్తూ వెళ్లండి. రోజుకు మీ ఇల్లు ఎన్ని యూనిట్లు తింటోందో తెలిశాకే ఏ పరికరానికైనా డబ్బు తీయండి.